చక్రానికొక శాఖ

పడుకుని తొక్కే మూడు చక్రాల సైకిలుకి ఎలాంటి టైరు వెయ్యాలో మా వేమూరిపేటలో సరిగ్గా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. గొప్పకి చెప్పడం లేదు. తెలిసినవాడు ఊరికి ఒక్కడే ఉండి, ఆ ఒక్కడూ నోరు మూసుకుంటే ఏమవుతుందో చెప్పడానికి చెబుతున్నాను.

నా పేరు చలువాది గవరయ్య. సైకిళ్ళు, టైర్లు, ట్యూబుల వ్యాపారం. మెయిన్ రోడ్డు మీద గడియారస్తంభం దాటగానే కుడివైపు సందులోకి తిరిగితే ఎదురుగా మునిసిపల్ కాంప్లెక్సు, అందులో మొదటి గది నాది. నాది అంటే అద్దెకి. మెయిన్ రోడ్డు ఎప్పటినుంచో వన్‌వే, సందు చివర కాలవ. కాబట్టి ఊళ్ళో ఎవరి సైకిలు పంక్చరైనా తోసుకుంటూ వచ్చి కుడికి తిరిగి నా గుమ్మం ముందు ఆగాల్సిందే. మా వ్యాపారంలో సగం తెలివితేటలు, సగం గది ఉన్న చోటు. నా విషయంలో తెలివితేటల వాటా సగం కన్నా బాగా తక్కువని మా ఆవిడ సువర్చల లెక్క.

ఆ గది లీజు ఈ ఏడాదితో తీరిపోతుంది. కొత్త లీజు మీద కమిషనరుగారు సంతకం పెట్టాలి. మెయిన్ రోడ్డుకి ఎడంపక్క ఇరుకు గదిలో సెల్‌ఫోన్లు అమ్మే రాంపండు నా గది కోసం ఆయన చుట్టూ తిరుగుతున్నాడు. అందుకని సంతకం పడేదాకా కమిషనరుగారు ఏమన్నా అవుననడమే లాభమని తేల్చుకున్నాను. నేను వేసిన లెక్కల్లో ఇంత శుభ్రంగా కుదిరింది మరొకటి లేదు. తప్పని తేలడం కూడా అంత శుభ్రంగానే జరిగింది.

కమిషనరు విశ్వేశ్వరంగారు ఏదో చలిదేశంలో జరిగిన పట్టణాల సదస్సుకి వెళ్ళొచ్చారు. అక్కడ పెద్దపెద్ద ఉద్యోగులు వెల్లకిలా పడుకుని, కాళ్ళు ముందుకి చాపి, మూడు చక్రాల సైకిళ్ళు తొక్కుతూ ఆఫీసులకి పోతున్నారట. కొన్నిటికి గుడ్డుపెంకులాంటి తొడుగు కూడా ఉంటుంది, మనిషి తల ఒక్కటే బయటికి కనిపిస్తుంది. ఆయన తిరిగొచ్చిన వారానికే మా ఊళ్ళో 'హరిత అధికార సంచార పథకం' పుట్టింది. అధికారులకి పడక సైకిళ్ళు, కమిషనరుగారికి పెంకు సైకిలు.

బండ్లు వచ్చాయి. టైర్లు లేకుండా వచ్చాయి. బండి అంటే ఆస్తి, టైరు అంటే అరిగే సరుకు. ఆస్తినీ అరిగే సరుకునీ ఒకే ఫైలులో కొంటే ఆడిట్‌వాళ్ళు ఒప్పుకోరు. టైర్ల ఫైలు కదిలేదాకా అధికారులు ఆఫీసు వరండాలో వట్టి రిమ్ముల మీదే పడుకుని అలవాటు చేసుకున్నారు. పింఛను కోసం వచ్చినవాళ్ళు వాళ్ళని చూసి, ఎవరో నిరాహారదీక్ష చేస్తున్నారనుకుని పక్కన కూర్చుని పరామర్శించి వెళ్ళేవారు.

నన్ను 'స్థానిక టైరు నిపుణుడు'గా సమావేశానికి పిలిచారు. పిలిచారు కదా అని ముందు వరండాలో బండ్లు చూశాను. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. మామూలు సైకిలు మలుపులో పక్కకి వాలుతుంది, ఇది వాలదు. మలుపు బరువంతా ముందు టైర్ల పక్కల మీదే పడుతుంది. మూడు చక్రాలూ మూడు దారుల్లో నడుస్తాయి, ఒక ముల్లు తప్పిస్తే పక్కది గుచ్చుకుంటుంది. మాది సర్కారుతుమ్మ పండే ఊరు. పెంకు సైకిలుకి వెనక టైరు పంక్చరైతే సగం మనిషి పెంకులోకి దూరితే తప్ప చక్రం చేతికి రాదు. కాబట్టి లోపల ముల్లు ఆపే పట్టీ ఉన్న టైరు కావాలి. మరీ లావుగా ఉంటే పెంకుకి రాసుకుంటుంది, మరీ సన్నమైతే గుంటల్లో రిమ్ము వంగుతుంది. మధ్యస్థంగా, గీతలు తక్కువగా ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, ముందు రెండు టైర్లూ ఒకే రకం, ఒకే గాలి.

ఇంతే. చెప్పడానికి ఒక టీ తాగేంతసేపు కూడా పట్టదు. చూపించడానికి అలాంటి టైరు ముక్క ఒకటి జేబులో వేసుకుని లోపలికి వెళ్ళాను.

"టైరు అంటే పట్టు," అన్నారు ఇంజనీరు ఏకాంబరంగారు. "పట్టు అంటే లావు. ఒంటినిండా బటన్లలాంటి బుడిపెలుండాలి. మన రోడ్లు ఎలాంటివో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు, వేసింది నేను."

"ఎంత లావైనా అరుగుతుంది," అన్నారు అకౌంట్స్ ఆఫీసరు జోగినాథంగారు. "అరుగుతుందని తెలిసి తెలిసి కొనడం ప్రజాధనాన్ని రోడ్డుకి రుద్దడం. అరగని టైరు ఉంటే చూద్దాం."

ఆరోగ్యాధికారి డాక్టర్ మందాకినిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సిబ్బంది ఆరోగ్యరీత్యా టైరు సన్నంగా, తేలిగ్గా ఉండాలి. మనవాళ్ళే లావు. టైరు కూడా లావైతే గుండె ఎవరు చూస్తారు?"

"సన్నటిది గుంటలో పడితేనో?" అన్నారు ఇంజనీరుగారు.

"గుంటలు మా శాఖవి కావండి."

కమిషనరుగారు చెయ్యెత్తారు. "పథకం మూడు శాఖల ఉమ్మడి బాధ్యత. ఏ శాఖ మనోభావాలనీ మనం విస్మరించలేం. బండికి చక్రాలెన్ని?"

ముగ్గురు అధికారులూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేనే చెప్పాను. "మూడండి."

"శాఖలు?"

"మూడేనండి."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "చూశారా, సమన్వయం వస్తువు నిర్మాణంలోనే ఉంది. మనం గుర్తించడమే ఆలస్యం. చక్రానికొక శాఖ."

సీనియారిటీ ప్రకారం పంచారు. ముందు ఎడమ చక్రం అకౌంట్స్ శాఖకి, ముందు కుడి చక్రం ఆరోగ్య శాఖకి, వెనక చక్రం ఇంజనీరింగుకి. వెనకది తమకి అంటగట్టారని ఏకాంబరంగారు కాస్త చిన్నబుచ్చుకున్నారు. బండిని తోసేది వెనక చక్రమేనని కమిషనరుగారు ఓదార్చారు.

"నిపుణులుగా మీ అభిప్రాయం?" అని నావైపు తిరిగారు.

జేబులో చెయ్యి పెట్టాను. టైరు ముక్క చేతికి తగిలింది. ఆయన బల్లమీద ఫైళ్ళ దొంతరలో పైనే నా లీజు ఫైలు కంటికి తగిలింది. చెయ్యి ఖాళీగా బయటికి తీసి, రెండో చేత్తో కలిపి నమస్కారం పెట్టాను.

"తమరు చెప్పాక ఇంకేముందండి. మూడూ కలిసి నడుస్తాయి," అన్నాను.

సరుకు నేనే ఇచ్చాను. ఎడమ చక్రానికి తోపుడుబండికి వేసే గట్టి రబ్బరు. ట్యూబు లేదు, గాలి లేదు, అరుగుడు లేదు, కదలడానికి దానికి మనసు కూడా లేదు. ఎప్పుడో కొని అమ్ముడుపోక అటక మీద పడున్నవి. కుడి చక్రానికి పందేల సైకిలు టైరు, ఒంటిచేత్తో ఎత్తితే బరువు తెలీదు. వెనక్కి బటన్ టైరు, అదీ అటక మీదదే. అటక ఖాళీ అవుతుంటే నేను ఈలవేశాను కూడా.

సువర్చల కింద నిలబడి ఒక్కొక్కటే అందుకుంటూ అడిగింది. "ఎడం పక్క ఇనుంలాంటిది, కుడి పక్క ఈకలాంటిది. బండి ఎటు పోతుందండీ?"

"ముందుకే పోతుంది."

"మీరు తొక్కి చూశారా?"

"నేను అమ్మేవాణ్ణే."

ప్రారంభోత్సవం గడియారస్తంభం దగ్గర. జెండా ఊపారు. కమిషనరుగారు పెంకులోంచి చిరునవ్వుతో తొక్కారు. బండి ఎడమకి లాగింది. ఆయన పిడిని కుడికి పట్టి తిన్నగా తెచ్చారు. చెయ్యి కాస్త వదిలితే మళ్ళీ ఎడమకే. కెమెరాలకి పెంకులోంచి చెయ్యి బయటికి తీసి ఊపాలి కదా, వదిలారు. బండి స్తంభం చుట్టూ తిరగడం మొదలుపెట్టింది.

ఆ దృశ్యం సంగతి చెప్పాలి. మనిషి వెల్లకిలా పడుకున్నాడు. మెడలో బంతిపూల దండ. వెనక సిబ్బంది తలలు వంచుకుని నడుస్తున్నారు. మా ఊళ్ళో మనిషి మెయిన్ రోడ్డు మీద అలా వెళ్ళేది ఒకేసారి. బజారులో షట్టర్లు సగం దించేశారు. ఒకాయన చెప్పులు విడిచి పక్కకి నిలబడ్డాడు. పైగా బండి ఎడమకే లాగుతుంది కనక స్తంభం చుట్టూ అపసవ్యంగా తిరిగింది. దాంతో ఎవరికీ అనుమానం మిగల్లేదు. కొబ్బరికాయల మంగమ్మ, "నిన్ననే మా బండి తీయించేశాడు, నిక్షేపంలా ఉన్నాడు," అని కళ్ళొత్తుకుంది. అప్పుడాయన ఆమెవైపు చూసి చెయ్యి ఊపారు. మంగమ్మ ఆ సాయంత్రం దాకా దొరకలేదు.

విచారణ సంఘం వేశారు. అందులోనూ ఆ మూడు శాఖలే. టైరు మార్చాలంటే ఆ టైరు ఎంచిన శాఖ పొరపడిందని రాయాలి. పొరపడిన శాఖ మా ఊళ్ళో ఇంతవరకూ లేదు. అదీకాక గట్టి రబ్బరు ఆయుర్దాయం ఇరవై ఏళ్ళని జోగినాథంగారు ఖాయం చేసేశారు. ఆయువు తీరని టైరుని తీసేస్తే అది ప్రభుత్వ ఆస్తి ధ్వంసం కిందికి వస్తుంది. కాబట్టి సంఘం రోడ్ల మీద పడింది.

నివేదిక కమిషనరుగారే చదివి వినిపించారు. "వాహనంలో ఎట్టి లోపమూ లేదు. పట్టణంలో కుడి మలుపులు అవసరానికి మించి ఉన్నట్టు సంఘం గుర్తించింది."

మరునాటి నుంచి కుడి మలుపులు రద్దు. అధికారులకొక మలుపు, ప్రజలకొక మలుపు అంటే సమానత్వానికి భంగం కనక ఊరందరికీ రద్దు. కుడికి పోవాల్సినవాడు మూడుసార్లు ఎడమకి తిరిగి పోవచ్చు. పాదచారులకి మాత్రం వచ్చే సమావేశం దాకా మినహాయింపు.

ఊరు తిరగడం మొదలుపెట్టింది. స్కూలు ఆటోలో పిల్లలు తమ ఇల్లు మూడు పక్కల నుంచీ చూసి నాలుగోసారి దిగేవారు. ఒక పెళ్ళి ఊరేగింపు కల్యాణమండపం కుడివైపున ఉందని చుట్టూ తిరుగుతూ ఇంకో పెళ్ళి ఊరేగింపుతో కలిసిపోయింది. రెండు బాజాల్లో ఏది తమదో తెలియక పెళ్ళికొడుకులిద్దరూ కాసేపు కబుర్లు చెప్పుకున్నారట. పట్టణంలో వాహన సంచారం మూడింతలైందని, ఇది అభివృద్ధికి నిదర్శనమని కమిషనరుగారు ప్రకటించారు. లెక్క ప్రకారం అబద్ధం కాదు.

నా లీజు మీద సంతకం పడింది. పదేళ్ళకి. పథకానికి చేసిన సేవకి శాలువా కూడా కప్పారు. ఆ శాలువాతోనే దుకాణానికి వచ్చి గల్లా ముందు కూర్చున్నాను. సాయంత్రం దాకా ఎవరూ రాలేదు.

ఎలా వస్తారు? వన్‌వే మెయిన్ రోడ్డుకి కుడివైపున ఉన్న సందు మాది. దానికి ఎదురుగా వీధి లేదు కనక ఎన్ని ఎడమలు తిరిగినా మళ్ళీ మెయిన్ రోడ్డు మీదికే వస్తారు తప్ప మా సందులోకి రాలేరు. కాలవలో ఈదుకుంటూ వస్తే తప్ప నా దుకాణానికి చట్టప్రకారం దారి లేదు. సందులోంచి మెయిన్ రోడ్డెక్కాలన్నా కుడికే తిరగాలి. కాబట్టి నా స్కూటరు కూడా దుకాణం ముందే ఉండిపోయింది. రోజూ దాన్ని తుడిచి, నడిచి ఇంటికి పోయేవాణ్ణి.

సందు మొగలో కానిస్టేబులు, తోసుకొచ్చే సైకిలు కూడా అతని లెక్కలో వాహనమే. అతని పక్కన ఒకతను పంక్చరైన సైకిలు పట్టుకుని నిలబడ్డాడు. నాకూ అతనికీ మధ్య దూరం మాట వినపడేంత.

"గవరయ్యగారూ, రావచ్చాండీ?"

"రావయ్యా. సైకిలు అక్కడ పెట్టి నడిచి రా."

"పంక్చరు సైకిలుకండీ. నాకు కాదు."

కానిస్టేబులు నవ్వాడు. ఆ సైకిలతను ఎడమకి పోయాడు. ఎడంపక్క రాంపండు సెల్‌ఫోన్లతో పాటు పంక్చరు సామాన్లు కూడా పెట్టాడని అప్పటికే తెలుసు. ఒకరోజు రాంపండు పాదచారిగా నా దగ్గరికి వచ్చి, టీ తాగి, గది అంతా కలయజూశాడు.

"గది నీకొచ్చింది బాబాయ్," అన్నాడు. "ఊరు నాకొచ్చింది."

ఇంట్లో సువర్చల అన్నం వడ్డించి నా ఎదురుగా కూర్చుంది.

"వెళ్ళి నిజం చెప్పండి," అంది. "ముందు రెండిటికీ ఒకే టైరు వెయ్యాలని. మీరేగా పుట్టుకతో వచ్చిన విద్యలా నాకు చెప్పేవారు."

"అప్పుడెందుకు చెప్పలేదంటారు. లీజు పోతే?"

"ఉందిగా లీజు. ఏం చేసుకుంటారు, పరుచుకుని పడుకుంటారా?"

మర్నాడు వెళ్ళాను. ఈసారి జేబులో ముక్క కాదు, రెండు టైర్లు భుజాన వేసుకునే వెళ్ళాను. మూడు శాఖలవాళ్ళూ ఉన్నారు. చెప్పేశాను. తప్పు నాదేనని, ఎడమ చక్రం ఈడుస్తోందని, కుడి చక్రం పరిగెడుతోందని, రెండిటికీ ఇవి వేస్తే ఊరు మళ్ళీ రెండు పక్కలా తిరగొచ్చని. అన్ని బండ్లకీ ఉచితంగా ఇస్తానని కూడా అన్నాను. నేను ఉచితమన్న మాట వాడడం అదే మొదలు.

కమిషనరుగారు శ్రద్ధగా విన్నారు.

"మీ చిత్తశుద్ధిని అభినందిస్తున్నాను. కానీ ఉచితంగా తీసుకుంటే అది కానుక. కానుక స్వీకరించడం నేరం."

"పోనీ కొనండి."

"కొంటే ఉన్నవి నిరుపయోగమైనట్టు," అన్నారు జోగినాథంగారు. "ఆయువింకా పంతొమ్మిదేళ్ళ పైచిలుకు ఉంది."

"నిజం చెప్పారు, సంతోషం," అన్నారు కమిషనరుగారు. "కానీ నిజానికి కూడా ఒక గడువు తేదీ ఉంటుంది గవరయ్యగారూ. టెండరు దశలో రావాల్సింది." ఆయన కళ్ళు మూసుకున్నారు. తెరిచారు. "అయితే ఎడమవైపు భారం ఎక్కువైందన్న మీ బాధ న్యాయమైనది. ఏ టైరూ తీసెయ్యకుండా, ఏదీ కొనకుండా, ఏ శాఖనీ తగ్గించకుండా ఒక మార్గం ఉంది. ఎడమది కుడికి, కుడిది ఎడమకి మారుద్దాం."

మందాకినిగారు బావుందన్నారు. ఏకాంబరంగారు తనది వెనకే ఉంటుంది కనక అభ్యంతరం లేదన్నారు. అలా మారిస్తే బండి కుడికి లాగుతుందని చెప్పడానికి నోరు తెరిచాను. కుడికి లాగితే ఏం చేస్తారు? ఎడమ మలుపులు రద్దు చేస్తారు. రద్దు చేస్తే ఊరంతా కుడికే తిరగాలి. మెయిన్ రోడ్డు మీద గడియారస్తంభం దాటగానే మొదటి కుడి ఏది?

తెరిచిన నోటితో ఆవలించాను.

టైర్లు మార్చే పని నాకే ఇచ్చారు. నా చేతులతోనే గట్టి రబ్బరు కుడికి వేశాను. ఎడమ మలుపులు రద్దని ముందుగానే బోర్డులు రాయించేశారు, ఈసారి అనుభవం ఉంది కదా. దుకాణం కడిగించి, కొత్త సరుకు దింపి, టైర్లు గుమ్మం ముందు గోపురంలా పేర్పించాను. రాంపండు గదిలోకి ఇక ఎవరూ తిరగలేరు. అతను తన షట్టరు దగ్గర నిలబడి నావైపు చూస్తుంటే టీకి రమ్మని చెయ్యి ఊపాను. నేనూ మనిషినే.

ఉదయం కమిషనరుగారి పెంకు సైకిలు మెయిన్ రోడ్డెక్కింది. ఇన్నాళ్ళూ ఎడమ లాగుడుకి ఎదురుగా పిడిని కుడికి బిగించి పట్టుకోవడం ఆయన చేతులకి అలవాటైపోయింది. ఈ సంగతి నా లెక్కలో లేదు. ఇప్పుడు బండీ కుడికే, చేతులూ కుడికే. గడియారస్తంభం దాటిందో లేదో బండి సందులోకి తిరిగింది. సందులో మొదటి గది ఎవరిదో చెప్పాను.

చప్పుడు పెద్దగా ఏమీ రాలేదు. టైర్లు మెత్తనివి. గోపురం కూలి, గాజు అరలు కూలి, గోడకి వేలాడే రిమ్ములు ఒక్కొక్కటే కింద పడి తిరిగి తిరిగి ఆగాయి. ఆ కుప్ప మధ్యలో కమిషనరుగారి తల కనిపించింది. దెబ్బ ఒక్కటీ తగల్లేదు. లేచే ప్రయత్నం చెయ్యలేదు, ఆయనకి పడుకుని మాట్లాడడం అలవాటే.

"గవరయ్యగారూ."

"చిత్తం."

"కుడి మలుపులో ఏ ఇబ్బందీ లేదు, గమనించారా? సాఫీగా వచ్చింది."

"వచ్చిందండి."

"మరి ఇక్కడ దుకాణం ఎందుకుంది?"

సంఘం మళ్ళీ కూర్చుంది. వాహనంలో ఎట్టి లోపమూ లేదు. దుకాణం వాహన మార్గంలో ఉన్నట్టు గుర్తించడమైనది. ఆ గదిని 'అధికార వాహన విరామ స్థలం' చేశారు, గోడలకి పరుపులు కొట్టించారు. అధికారులు ఒక్కొక్కరే ఉదయాన్నే వచ్చి అందులో ఆగుతున్నారు. నా లీజు రద్దు చెయ్యలేదు. సంతకం చేసిన మాట తప్పే మనుషులు కారు. గది మాత్రం మార్చారు. అదే కాంప్లెక్సు, రెండో అంతస్తు, మెట్ల చివర. ఏ చక్రమూ చేరలేని చోటు కనక దుకాణానికి అదే క్షేమమని ఫైలులో రాశారు. పదేళ్ళు.

సైకిలు భుజాన వేసుకుని రెండంతస్తులు ఎక్కేవాళ్ళు తక్కువ. ఎక్కి వచ్చినవాళ్ళు ముందు కూర్చుని నీళ్ళడుగుతారు. తర్వాత మంచి టైరేదని అడుగుతారు. ఇప్పుడు నిజమే చెబుతున్నాను. అబద్ధానికి గిట్టుబాటు లేదు. సువర్చల మధ్యాహ్నం క్యారేజీ తెచ్చి, మెట్లెక్కాకే నాకు నిజం గుర్తొచ్చిందని వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది.

మొన్న సాయంత్రం ఆఫీసులు వదిలాక జోగినాథంగారు వచ్చారు. చెరో చేతిలో ఒక సైకిలు చక్రం. చొక్కా అంతా చెమట. అటూ ఇటూ చూసి కూర్చుని, చక్రాలు రెండూ బల్లమీద పెట్టారు.

"మా అమ్మాయి సైకిలువి. టైర్లు పోయాయి."

"గట్టి రబ్బరు వెయ్యమంటారా, అరగనిది?" అన్నాను. "అటక మీద ఇంకో రెండు మిగిలాయి."

ఆయన కాస్త నొచ్చుకున్నట్టు నావైపు చూశారు.

"అదేంటండీ. ఇది సొంత సైకిలు."